నెమ్మది గంట

ఆ ఉదయం నీలిమెట్ట కాలనీ అంతా కొండ తొలిచే యంత్రం మోతతో దద్దరిల్లిపోతోంది. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. వంటింటి అలమరల్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. అరికాళ్ళ కింద మొదలైన వణుకు పిక్కల దాకా పాకుతోంది. బాల్కనీలోకి వచ్చి చూస్తే మాత్రం యంత్రమూ లేదు, నడిపే మనిషీ లేడు. ఎదురుగా ఖాళీ కొండవాలు, దాని మీద ఎండుగడ్డి, తీరిగ్గా మేస్తున్న రెండు మేకలు. ఆ యంత్రం రావడానికి ఇంకా మూడు నెలలు పడుతుంది, అదీ అనుమతి దొరికితేనే.

2083లో ఏ ఊళ్ళో ఏది కట్టాలన్నా రేపటి మోతను ముందు ఇవాళ వినిపించి తీరాలి. గోడలకు అతికించిన పలచటి ధ్వనితెరలు, నేల మీద పరిచిన కంపన పలకలు కలిసి ఆ పని చేస్తాయి. ఇంట్లో ఉన్న ప్రతి మనిషికీ చెవి వెనక గోరంత కలతచుక్క అంటిస్తారు. పసిపిల్లలకి కొందరు తల్లులు దిష్టిచుక్క పెట్టే చోటే అది. గుండె వేగం, ఊపిరి, చర్మం మీద చెమ్మ, రక్తంలో కార్టిసాల్ హార్మోన్ పాళ్ళు ఆ చుక్క కనిపెట్టి కింద లాబీలో ఉన్న కలతమితికి చేరవేస్తుంది. కలతమితి వాటన్నిటినీ ఒకే అంకెగా మారుస్తుంది. జ్వరానికి డిగ్రీలున్నట్టు, మనిషి పడే అవస్థకి కలతలు.

డాక్టర్ మహీధర ఇందుమతి ఈ కలతమితిని తయారు చేయడానికి తన పడుచుతనమంతా ఖర్చు పెట్టింది. అంతకు ముందు పద్ధతి వేరు. ఎవరో ఒక ఆఫీసరు డెసిబెల్ మీటరు పట్టుకుని రోడ్డు మీద నిలబడి, ఎంతొచ్చిందో చూసి, పరిమితి లోపలే ఉందని సంతకం గీకి, టీ తాగి వెళ్ళిపోయేవాడు. డెసిబెల్ చప్పుడును కొలుస్తుంది గాని మనిషిని కొలవదని ఇందుమతి వాదన. సొంతింటి పెళ్ళి బాజాకీ పక్కింటి పెళ్ళి బాజాకీ డెసిబెల్స్ ఒకటే మరి. సగటు లెక్కలకి కూడా ఆమె ఒప్పుకోలేదు. వంద మంది హాయిగా ఉన్నారని నూట ఒకటో మనిషిని నరకంలోకి తోసేస్తామా అని కమిటీల్లో గొంతు పోయేలా పోట్లాడింది. ఏ ఒక్కరి మీద శబ్ద ప్రభావం అరవై కలతలు దాటినా పని మొదలుపెట్టకూడదనీ, మొదలయ్యాక దాటితే యంత్రాలు వాటంతటవే ఆగిపోవాలనీ చట్టంలో రాసి ఉందంటే అది ఆమె మొండితనం వల్లనే.

ఇంకో రెండు నిబంధనలు కూడా ఆమె రాసినవే. మనుషులకి చప్పుడొక్కటే బాధ కాదు కదా. కోర్టు కేసులుంటాయి, మొగుడూ పెళ్ళాల తగవులుంటాయి, పంటినొప్పి ఉంటుంది. వాటికి కట్టేవాడు జవాబుదారీ కాడు. అందుకని ముందు ఒక గంటసేపు ఏ మోతా లేకుండా కొలవాలి. అది నెమ్మది గంట. ఆ తర్వాత మోత గంట. మోత గంట అంకెలోంచి నెమ్మది గంట అంకె తీసేస్తే మిగిలిందే శబ్ద ప్రభావం. ఇక రెండోది, ఎవరి ప్రభావం ఎంతో ఫ్లాటు నంబరుతో సహా లాబీ గోడ మీద అందరికీ కనిపించాలి. చాటుమాటు వ్యవహారాలంటే ఇందుమతికి ఒళ్ళుమంట.

నీలిమెట్టలో కట్టబోయేది కొండ కడుపులో రైలు స్టేషను. విశాఖపట్నం పాత బీచి రోడ్డు సముద్రంలో కలిసిపోయి ఒక తరం గడిచింది. ఇప్పుడు నీలిమెట్ట చుట్టూ నీళ్ళే. బడికి పడవ, బజారుకి పడవ, ఆస్పత్రికి పడవ. వానాకాలంలో అలలు పెద్దవైతే ఆ పడవా ఉండదు. అందుకే అంత మోతలోనూ కాలనీ వాళ్ళ మొహాలు కళకళలాడుతున్నాయి. వాళ్ళకి అది రాబోయే రైలు చప్పుడు. మోత గంట అయిపోయాక లాబీ గోడ మీద అంకెలు ఒక్కొక్కటే వెలుగుతుంటే చప్పట్లు కొట్టారు. ఇరవై రెండు, ముప్ఫై, పంతొమ్మిది. అన్నిటికంటే ఆఖర్న 504 వెలిగింది. ఎనభై నాలుగు.

చప్పట్లు ఆగిపోయాయి.

"504 అంటే మన మంగవేణే కదా," అన్నాడు సుదర్శనం. కాలనీ సంఘానికి ఆయన కార్యదర్శి. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. ఎవరింట్లో కుళాయి పాడైనా ముందు ఆయన తలుపే తడతారు. "మిషనేమైనా తప్పు చూపించిందంటారా డాక్టరమ్మా?"

"లేదండీ. ఆవిడ నైట్ డ్యూటీ నర్సు. పగలే పడుకుంటారు. మీకు పగటి చప్పుడైతే ఆవిడకి నడిరాత్రి చప్పుడు కిందే లెక్క."

"పోనీ, రాత్రిళ్ళు తవ్వుకుంటే?"

"అప్పుడు మిగతా అందరూ అరవై దాటేస్తారు. అదీ చూశాం."

"ఆ పిల్లకి కొన్నాళ్ళు ఇంకెక్కడైనా ఇల్లు చూపిస్తే?"

"కొన్నాళ్ళు కాదు కదండీ, నాలుగేళ్ళ పని. పైగా ఇల్లు ఖాళీ చేయించి అంకె తగ్గించడం నేరం. పూర్వం అలాగే చేసేవాళ్ళు."

సుదర్శనం పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న ఆయన భార్య కామాక్షి గోడ మీది అంకెనే చూస్తూ ఉండిపోయింది. ఆమెకి వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరగాలి. పోయిన వానాకాలం పడవలు లేక వరసగా రెండుసార్లు తప్పింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, చావు అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఈ సంగతి కాలనీలో తెలియని వాళ్ళు లేరు.

ఇందుమతి ఐదో అంతస్తుకి వెళ్ళేసరికి మంగవేణి కిటికీలకి దళసరి నల్ల తెరలు లాగి, దీపం వేసుకుని కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, ఊరు పాలకొండ వైపు. నగరంలో పెద్దాసుపత్రి పురిటిపిల్లల వార్డులో పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీలు చేసి ఈ ఇల్లు కొనుక్కుంది. ఈ కొండ మీద పగలు కూడా కాకి అరుపు తప్ప ఇంకేమీ వినిపించదని ఎవరో చెబితే వచ్చి చూసి, నిజమేనని కొన్నది.

"నేను కావాలని చేసింది కాదు మేడమ్," అంది మంగవేణి తలుపు తీస్తూనే. "స్టేషను నాకు మాత్రం వద్దా ఏటి? రోజూ ఆ పడవలో వాంతులు చేసుకుంటూ వెళ్ళేది నేనే."

"మీరు సంజాయిషీ ఇవ్వక్కర్లేదండీ. నిద్ర తక్కువైతే మీకేమవుతుందో చెప్పండి, చాలు."

"నాకేటీ అవదు. పిల్లల సంగతే." మంగవేణి తన అరచెయ్యి చాపి చూపించింది. "నెలలు నిండని పిల్లలు ఇంతేసి ఉంటారు. మందు చుక్కల లెక్కన ఎక్కిస్తాం. అప్పుడెప్పుడో పైన ఎవరో టైల్సు మార్పించుకుంటుంటే నాకు వారం రోజులు నిద్ర లేదు. ఒక బిడ్డకి ఇచ్చిన మందే మళ్ళీ ఇవ్వబోయాను. పక్క సిస్టరు నా చెయ్యి పట్టుకుంది గాబట్టి సరిపోయింది. నిద్ర లేని రోజు నా చేతిని నేనే నమ్మను మేడమ్."

"మీరేం భయపడకండి," అంది ఇందుమతి. "ఈ మిషను పుట్టిందే మీలాంటి ఒక్కరి కోసం." ఆ మాట అంటున్నప్పుడు ఆమెకి నిజంగా గర్వంగా ఉంది. ఇంజనీర్లు సొరంగం నోటికి రబ్బరు పలకలు వేసి చూస్తామన్నారు. రెండు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష అని చెప్పి వెళ్ళింది.

రబ్బరు పలకలతో మహా అయితే పది కలతలు తగ్గుతాయని ఆమె అంచనా. రెండో పరీక్ష రోజు 504 పక్కన పద్ధెనిమిది అని వెలిగింది. లాబీలో జనం ఒకరినొకరు కావిలించుకున్నారు. ఎవరో సోడాలు తెప్పించారు. ఇందుమతి మాత్రం కలతమితి పక్కకి వెళ్ళి, చెవిలో గొట్టం పెట్టుకుని, తనకి మాత్రమే వినిపించేలా దాన్ని అడిగింది.

"504 విడి కొలతలు చెప్పు."

కలతమితికి ఆమె గ్రాంథికం కలిసిన మర్యాద భాష నేర్పింది. "నెమ్మది గంటలో డెబ్బై తొమ్మిది. మోత గంటలో తొంభై ఏడు. తేడా పద్ధెనిమిది. అనుమతి ఇవ్వదగినది."

"మొదటి పరీక్షలో నెమ్మది గంట ఎంత?"

"పదకొండు."

"ఏ చప్పుడూ లేనప్పుడు ఆవిడకి డెబ్బై తొమ్మిది ఎందుకుంది?"

"చప్పుడు లేనప్పటి కారణములు నా పరిధిలో లేవు. ఆ నిబంధన మీరే వ్రాసినారు."

సుదర్శనం మెట్ల దగ్గర ఎదురయ్యాడు. చేతిలో రెండు సోడాలున్నాయి, ఒకటి ఆమె కోసం తెచ్చాడు. ఆమె తీసుకోలేదు.

"మంగవేణి గారిని మీరేమైనా అన్నారా?"

"ఒట్టు డాక్టరమ్మా, ఒక్క మాట అనలేదు. ఎవ్వరం ఏమీ అనలేదు."

"అసలు మాట్లాడుతున్నారా?"

సుదర్శనం తల వంచుకున్నాడు. "ఏం మాట్లాడమంటారు? నోరు తెరిస్తే ఏం జారుతుందోనని భయం. ఆ పిల్ల లిఫ్టులోకొస్తే నేను దిగిపోతున్నాను. ఆ అంకె చూశాక మా ఆవిడ రాత్రంతా ఏడ్చిందండీ. రైలు రాకపోతే ఏదో ఒక వానాకాలం నేను పోతానులెండి అంటోంది. ఇంక నేను నవ్వుతూ ఎలా పలకరించేది?"

ఇందుమతికి కోపం వచ్చింది. ఆయన మీదో, తన మీదో ఆమెకే తెలియదు. "ఆ రబ్బరు పలకలు తగ్గించిందేమీ లేదు. మోతకి ఆవిడ పడే అవస్థ అలాగే ఉంది. మీరందరూ కలిసి ఆవిడ నెమ్మది గంటని పాడు చేశారు. చప్పుడు లేకుండానే మనిషి అంత నలిగిపోతుంటే, చప్పుడు వచ్చి కొత్తగా చేసేదేముంది? అందుకే తేడా తగ్గింది. మీరు ఆవిడ్ని మంచిగా చూస్తే ఆ అంకె పెరుగుతుంది, వెలేసినట్టు చూస్తే తగ్గుతుంది. అర్థమవుతోందా మీకు, మీరేం చేశారో?"

సుదర్శనం సిగ్గుతో కుంచించుకుపోయాడు. చేతిలో సోడాలు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. మంచివాడే, అందులో సందేహం లేదు. అయితే లెక్కల్లోనూ మంచివాడే. పోర్టులో ఓడల సరుకు లెక్కలు చూసిన మనిషికి ఈ తీసివేత ఒక లెక్కా.

మంగవేణి ఈసారి కూర్చోమని కూడా అనలేదు. రెండు వారాల్లో మనిషి సగమైంది.

"ఎవరూ ఏటీ అనలేదు మేడమ్. అంటే బాగుణ్ణు, తిరిగి నేనూ ఒకటి అనేదాన్ని. కూరగాయల పడవకి అందరం కలిపి చెప్పుకుంటాం కదా, ఒకసారి నాది రాయడం మర్చిపోయారు. మరోసారి కూడా మర్చిపోయారు. నేను కారిడార్లోకొస్తే మాటలాగిపోతాయి. కామాక్షి పిన్ని గారు ఏ కూర చేసినా నాకో గిన్నె పంపేది, ఇప్పుడు తలుపు వేసుకుంటంది. ఆవిణ్ణేమంటాను? స్టేషను ఆగిపోతే ఆవిడ ప్రాణం మీదికొచ్చేది నా వల్లే కదా."

"మీ వల్ల కాదు. ఈ పరీక్ష చెల్లదని రాసే అధికారం నాకుంది. ఇప్పుడే రాస్తాను."

"రాయకండి."

"మీ నిద్ర సంగతి? ఆ పిల్లల సంగతి?"

"పగటి డ్యూటీ కావాలని అడిగాను. చూద్దామన్నారు. ఎప్పటికి చూస్తారో." మంగవేణి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "చప్పుడైతే చెవుల్లో దూది పెట్టుకుంటాను మేడమ్. ఇదిలాగే ఉంటే బతకలేను. సంతకం పెట్టేయండి. మళ్ళీ వాళ్ళు నాతో మాట్లాడతారు."

కిందికి వచ్చి ఇందుమతి చాలాసేపు కలతమితి ముందు నిలబడింది. చెల్లదని రాస్తే చట్టం ప్రకారం గెలుపు ఆమెదే, పైన ఆ మనిషి మాత్రం ఇంకా నలిగిపోతుంది. ఒప్పుకుంటే ఆ మనిషికి ఊపిరి వస్తుంది, నిద్ర మాత్రం దూరమవుతుంది. ఏది చేసినా తప్పే అనిపించింది. నూట ఒకటో మనిషి కోసం చట్టం రాయించుకున్న ఆమెకి, ఆ మనిషే వచ్చి వద్దంటుందని ఎన్నడూ తోచలేదు. చివరికి సంతకం పెట్టింది. పెట్టాక రెండు రోజులు అన్నం సహించలేదు.

అనుమతి వచ్చిన సాయంత్రమే కామాక్షి తలుపు తెరుచుకుంది. మంగవేణికి పనసపొట్టు కూర వెళ్ళింది. కూరగాయల పడవలో ఆమె వంకాయలు అందరికంటే ముందు దిగాయి. ఆమె వస్తుంటే లిఫ్టు ఆపి పట్టుకుంటున్నారు. కాలనీ వాళ్ళు చేసిన తప్పుకి సిగ్గుపడి దిద్దుకుంటున్నారు. అందులో నటన ఏమీ లేదు. నటన అయితే కలతచుక్క ఎంతోకొంత పసిగట్టేది. మూడు నెలల్లో మంగవేణి మళ్ళీ నలుగురితో కలిసి నవ్వడం మొదలుపెట్టింది.

పని మొదలయ్యే రోజున ఇందుమతి కూడా వచ్చింది. యంత్రానికి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. తెల్లవారుజామున పడవ దిగివచ్చిన మంగవేణి చెవుల్లో దూది పెట్టుకుని పైన పడుకుంది. పని రోజుల్లో కలతమితి పొద్దున్నే నెమ్మది కొలత తీసుకుంటుంది. మధ్యలో యంత్రాలు ఆగితే మళ్ళీ కొత్తగా తీసుకుని, లెక్క సరిపోతే వాటిని తిరిగి నడుపుతుంది. ఆ ఉదయం 504 నెమ్మది కొలత ఎనిమిది. ఇందుమతి ఆ అంకె చూసి ముందు సంతోషపడింది, మోతలోంచి తీసెయ్యడానికి ఇక ఎనిమిదే ఉందని వెంటనే స్ఫురించింది.

యంత్రం కదిలింది. కొండ మూలిగింది. జనం ఈలలు వేశారు. గోడ మీద 504 పక్కన ముప్ఫై అయింది, నలభై అయింది, అరవై రెండు అయింది. ఎవరూ ముట్టుకోకుండానే యంత్రం ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో అందరూ గోడ వైపు చూశారు. తర్వాత ఐదో అంతస్తు వైపు చూశారు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. ఉన్నది ఇంకేదో, కోపం అయితే కొంత నయం. కామాక్షి చక్రాల కుర్చీ పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంది.

కాసేపటికి లిఫ్టు తెరుచుకుంది. నైటీ మీద చున్నీ వేసుకుని, చెదిరిన జుట్టుతో మంగవేణి వచ్చింది. మోత ఆగడంతోనే ఆమెకి సంగతి అర్థమైపోయినట్టుంది.

"నాకేటీ కాలేదు బాబాయి గారూ. కలేదో వచ్చింది, ఉలిక్కిపడ్డాను. నడిపించండి," అంది.

ముందు నిలబడ్డ వాళ్ళు ఆమెకి దారి ఇస్తున్నట్టుగా పక్కకి జరిగారు. ఆమె ఒక్కొక్కరి మొహమే చూస్తూ నడుస్తోంది. చూపు కలిసిన వాళ్ళు కలిసినట్టే తిప్పుకుంటున్నారు. కలతమితి కొత్తగా నెమ్మది కొలత తీసుకుంటోంది. ఇరవై. నలభై ఐదు. డెబ్బై. ఇందుమతి దాని దగ్గరికి పరుగెత్తింది.

"ఆపు. ఈ కొలత తీసుకోవద్దు. ఆవిడ బాధపడుతోంది, కనిపించడం లేదా?"

"ప్రస్తుతము చప్పుడేదియు లేదు," అంది కలతమితి మర్యాదగా. "నెమ్మది కొలత ఎనభై ఒకటి. పనిని మరల ప్రారంభించవచ్చును."

కొండ మళ్ళీ మూలిగింది. యంత్రం పళ్ళు రాతిలో దిగబడ్డాయి. జనంలో ఒక నిట్టూర్పు లేచింది. 504 పక్కన పదిహేను వెలిగింది. ఆ అంకె చూసి కామాక్షి కళ్ళల్లో నీళ్ళు ఉబికాయి. పాపం మంచి మనిషి. కుర్చీని ముందుకి తోసుకుంటూ వచ్చి, మంగవేణి చెయ్యి పట్టుకోవడానికి తన చెయ్యి చాపింది.

సుదర్శనం ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు కామాక్షీ," అన్నాడు. "పని అయ్యేదాకా ఆ పిల్లని పలకరించొద్దు. ఎవ్వరం పలకరించొద్దు."

సరేనన్నట్టు అందరికంటే ముందు తల ఊపింది మంగవేణే.